పంటి బిగువున

హెరాన్ వార్డులో కొంగలు లేవు.
ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదు.
కిటికీ అవతల మోర్‌కాంబ్ అఖాతం,
నీళ్లు వెనక్కి పోయిన వేళ
మైళ్ల కొద్దీ బురద, దాని మీద తడి వెలుతురు.
కిటికీలు నాలుగు అంగుళాలే తెరుచుకుంటాయి.
అంతకు మించి గాలి మా నియమాల్లో లేదు.

ఏడో గదిలో ఎల్విన్ థ్రెల్ఫాల్. నలభై నాలుగేళ్లు.
మాటలు లేవు. ఉన్నవి రెండు శబ్దాలు.
ఒకటి టీకి,
ఇంకొకటి వాళ్ల చెల్లెలు డోరీన్‌కి.
ఆ ఫిబ్రవరిలో మూడోది మొదలైంది:
తలని గోడకేసి.

నేను రాశాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది.
"2.15. తల బాదుకున్నాడు. నచ్చజెప్పాం."
"2.30. బాదుకున్నాడు. మందు ఇచ్చాం."
"2.45. ప్రశాంతం."
ప్రశాంతం అంటే ఏమిటని కాగితం అడగదు.
పదిహేను నిమిషాలకో గడి, గడికో టిక్కు.
కొన్ని రాత్రులు, చెప్పేస్తున్నాను,
నాలుగింటి టిక్కు మూడున్నరకే పెట్టాను.
పద్నాలుగు మందికి ఇద్దరం.
ఇది సాకు కాదు.
సాకే.

మంగళవారం మంగళవారం డాక్టరు వచ్చేవాడు.
"అతని స్థితికి ఇది మామూలే" అనేవాడు.
స్థితి అన్నది పెద్ద దుప్పటి.
నిండా కప్పేస్తే
కింద మనిషి ఏ పక్కకి ఒత్తిగిలి ఏడుస్తున్నాడో కనపడదు.
మోతాదు పెంచాం.
గోడకి మెత్తటి స్పాంజి అతికించాం.
గోడ కోలుకుంది.

ఏప్రిల్లో తనిఖీవాళ్లు వచ్చారు.
ముందురోజే పూలకుండీలు దిగాయి, కర్టెన్లు మారాయి.
శుభ్రత బాగుంది. రికార్డులు చాలా బాగున్నాయి.
నా చేతిరాతని ఒకావిడ
ప్రత్యేకంగా మెచ్చుకుంది కూడా.

వాళ్లు వెళ్లిన మర్నాడు
నేల తుడిచే గ్లెనిస్, కర్ర మీద గడ్డం ఆనించి,
"వీడు ఎడమవైపు నమలడం మానేశాడు, చూశావా?" అంది.
"టోస్టు అంచులన్నీ ఒకే పక్క వదిలేస్తున్నాడు.
టీ చల్లారిందాకా ముట్టుకోడు.
మా ఆయన పన్ను పీకించుకునే ముందు అచ్చం ఇట్లాగే."
అని, బకెట్టు లాక్కుంటూ ఎనిమిదో గదిలోకి పోయింది.

పదకొండు వారాలు.
నాడి చూశాం, రక్తం తీశాం, బరువు తూచాం,
నుదుటి మీది బొప్పిని స్కేలు పెట్టి కొలిచాం.
నోరు లేనివాడి నోట్లోకి
ఒక్కరమూ తొంగి చూడలేదు.

లాంకాస్టర్ నుంచి పళ్ల డాక్టరు వచ్చింది, ఇమోజెన్ ప్రాక్టర్,
చేతిలో వేలెడంత టార్చి.
కింది దవడ, ఎడమవైపు చివరి పన్ను,
వేరు దాకా చీము.
ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. తిడితే బాగుండేది.
స్టీలు గిన్నెలో పన్ను టంగుమంది, అంతే.

పంటి బిగువున భరించాడంటారు
మనుషుల్ని మెచ్చుకుంటూ.
ఆ పన్నే నొప్పయితే
దేన్ని బిగించాలి?

ఆ తర్వాతి రాత్రులు
2.15కి, 2.30కి గది బయట నిలబడ్డాను.
స్పాంజి గోడ తెల్లగా, ఏ పనీ లేకుండా ఉంది.
ఒకసారి లేచి టీ శబ్దం చేశాడు.
రాత్రిపూట టీ నిషేధం.
కాచి ఇచ్చాను. గడిలో రాయలేదు.

ఆదివారం డోరీన్ వచ్చింది, బస్సులో, తడిసిన కోటుతో.
అంతా చెప్పాను, ముందే పెట్టిన టిక్కులతో సహా.
అరుస్తుందనుకున్నాను.
చాలాసేపు తన ఎడమ చెంపని
అరచేత్తో పట్టుకుని కూచుంది.

"ఫిబ్రవరి నుంచీ
వచ్చిన ప్రతిసారీ ఇక్కడ చెయ్యి పెట్టేవాడు" అంది.
"ముద్దు చేస్తున్నాడనుకున్నాను."