గడి లేని పురుగు

గుణదల కొండ మీద, నూట పదకొండో మెట్టు పక్కన
పంపు గొట్టం కారడం మొదలై మూడేళ్ళయింది.
మునిసిపాలిటీ మర్చిపోయిన ఆ చెమ్మను
పాచి మర్చిపోలేదు.
గోడంతా పచ్చగా, తడిసిన పిల్లి వీపులా.

నాది మలేరియా సెక్షన్.
చేతిలో పొడుగు కాడ గరిటె, చంకలో రిజిస్టర్.
తొట్లూ డ్రమ్ములూ కూలర్లూ తొంగిచూసి
తోకపురుగుల్ని లెక్కబెట్టి
తలుపు మీద సుద్దతో తేదీ వేసి దిగిపోవడం.
పద్దెనిమిదేళ్ళుగా నేను తొంగిచూసిన నీళ్ళన్నీ కలిపితే
ఏలూరు కాలవ ఒక పూట నిండుగా పారుద్ది.

సువార్తమ్మ గారు ఆ మెట్టు మీదే జారి
తుంటి విరగ్గొట్టుకుంది.
"గీకి పారెయ్ బాబూ,
ఆ పాచి నా ఎముక తినేసింది" అంది మంచం మీంచే.

వంగి ఇనప బ్రష్షు ఆనించాను.
పాచిలో ఒక పోగు కదిలింది.
పోగు కాదు, పురుగు.
ఒంటినిండా ఆకుల్లాంటి ముళ్ళు,
పాచి ఎంత పచ్చనో అంతే పచ్చన.
తినేదాని వేషమే కట్టుకుని
దాన్నే తింటోంది నిదానంగా,
ఆకలికి తొందరేం లేనట్టు.

అలవాటు చొప్పున రిజిస్టర్ తెరిచాను.
క్యూలెక్స్, అనాఫిలిస్, ఏడిస్. మూడే గడులు.
ఎందులో వెయ్యను దీన్ని?

కిందటేడు ముసురు రోజుల్లో, మా వరండా ట్యూబులైటు కింద
ఇది పెరిగితే అయ్యేదే కాబోలు, ఒకటి
గోడకి వేలాడుతూ కనపడింది.
దారాల్లాంటి కాళ్ళు,
ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.
"అమ్మో, ఏనుగు దోమ!" పిల్లలు బ్యాటు తెచ్చారు.
చిటపట.
ఆరు కాళ్ళూ ఆరు చోట్ల.
మంచి పని చేశార్రా అన్నాను నేనూ.
కుట్టే నోరే లేదని అప్పుడు తెలియదు.
తెలిస్తే మాత్రం?
జీతం దోమలకిస్తారు, తేడాలకి కాదు.

మెట్టు వైపు సగం గీకాను,
సువార్తమ్మ గారి కాలికి పట్టు దొరికేంత సిమెంటు.
పై సగం ఉంచేశాను,
గొట్టం కారినన్నాళ్ళూ.

"అయిందా బాబూ?"
"అయిందమ్మా."
తలుపు మీద తేదీ వేసి
పక్కన రాశాను: పురుగులు లేవు.
అబద్ధమేం కాదు,
నేను లెక్కబెట్టేవి లేవు.

కింద పంపు దగ్గర చేతులు కడగబోతే
గోరు సందున పచ్చగా ఒక పోగు.
నీళ్ళు కట్టేశాను.
కదులుతుందేమోనని
పడవలరేవు దాకా
ఆ వేలినే చూసుకుంటూ నడిచాను.