కార్డు నంబరు 417

జనవరి అంటే మాకు ఇత్తడి.
కవాతు అయిపోయిన మర్నాడు
బ్యూగిల్, బెల్టు బకిళ్ళు, గుండ్ల తొడుగులు
బల్ల మీద గోనెపట్టా పరిచి వరసగా పెడతాం.
డబ్బాలో పాలిషే వాడాలి, చింతపండు పనికిరాదంటారు
సుబేదారు తంగవేలు గారు.
ఆయన భోజనానికి వెళ్ళాక నేను చింతపండే వాడతాను.
బ్యూగిల్ గొంతులో చిలుము మాత్రం పోదు,
ఎవరో ఊదుతూ ఊదుతూ ఆపేసిన చోట.

ఫిబ్రవరిలో బడిపిల్లలు
అలసూరు నుంచి, జీవనహళ్ళి నుంచి రెండు వరసల్లో.
"మిస్, ఈ కత్తితో ఎంతమందిని చంపారు?"
ఆ ప్రశ్నకు మా దగ్గర కార్డు లేదు.
వాళ్ళు వెళ్ళాక అద్దాల మీద ముక్కుల ముద్రలు.
ఒక పూట తుడవకుండా ఉంచుతాను.

మార్చిలో మైదానం చుట్టూ చెట్లు
ఆకన్నది లేకుండా గులాబీరంగు పూస్తాయి.
బడ్జెట్టు మిగిలిందని రెండు ఫ్యాన్లు వచ్చాయి.
ఏప్రిల్లో వాటి కింద కూర్చోడానికి ఎవరూ రాలేదు.

మేలో కొత్త జవాన్లు ప్రమాణం చేసిన రోజు
కన్నవాళ్ళు లోపలికొచ్చి గోడల్ని చూస్తారు.
గుంటూరు వైపు నుంచి ఒకావిడ
గాజుకళ్ళ బొమ్మ సిపాయి చేతిమడత సర్దింది.
ముట్టుకోకూడదని బోర్డుంది.
నేను కిటికీ వైపు తిరిగాను.

జూన్‌లో చెమ్మ.
సిలికా పొట్లాలు నీలం నుంచి గులాబీకి తిరుగుతాయి,
మార్చి చెట్లలాగే, కానీ అది చెడ్డ కబురు.
తోలు బూట్లకు బూజు.
వెండిపురుగులు అమరుల పట్టీలో ఒక మూల తినేశాయి.
ఏడుగురి ఇంటిపేర్లు పోయాయి, పేర్లు మిగిలాయి.

జూలైలో, బూజు చూద్దామనే,
417 పెట్టె తెరిచాను.
పదకొండేళ్ళుగా దాని అద్దం తుడుస్తున్నాను.
"ఉత్తరం. బర్మా. స్థానిక భాష. విషయం తెలియదు."
పైకి కనిపించేది మడత, ముద్ర, అంతే.
విప్పితే తెలుగు.
మా పలమనేరు తెలుగు, పెన్సిలుతో,
ఒత్తులు సగం ఎగ్గొట్టి.

*అమ్మకు మునెప్ప దండాలు.
ఈడ ఒకటే వాన. మేం కట్టిన వంతెన
నిన్న మేమే కూల్చినాం. మళ్ళీ కట్టమంటారంట.
ఎర్రావు ఈనిందా? పెయ్యా, కోడెదూడా?
పెయ్యయితే అమ్మొద్దు, నేనొచ్చిందాక.*

ఆ కింద సెన్సారు కత్తెర కోసిన కిటికీ.
అందులోంచి నా వేలే కనిపించింది.

అది పోస్టు కాలేదట, సంచిలో మిగిలిపోయిందట.
తంగవేలు గారికి చదివి వినిపించాను.
ఆయనకు తెలుగు రాదు.
"ఆవా?" అన్నారు అరవంలో,
కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఆగస్టులో జెండా, లడ్డూలు.
సెప్టెంబరులో పైకప్పు కారింది, బకెట్లు పెట్టాం.

ఆయుధపూజకు పెద్ద తుపాకికి పసుపు రాశాం,
చక్రాల కింద నిమ్మకాయలు.
శత్రువుల దగ్గర పట్టుకొచ్చిన మెషిన్‌గన్‌కి కూడా
అలవాటుగా బొట్టు పెట్టేశాను.
ఎవరూ ఏమీ అనలేదు.
ఉత్తరానికి పెట్టలేదు. కాగితానికి మరక పోదు.

నవంబరులో ఏమీ జరగలేదు.
ఒక ట్యూబులైటు పోయింది.

డిసెంబరులో లెక్క తీస్తారు.
మేజర్ పొన్నణ్ణ నంబరు చదువుతారు,
మేము చూసి చెబుతాం.
ఉంది. ఉంది. ఉంది.
417 దగ్గర నోరు జారింది:
"సార్, అది తెలుగు. నాకు వస్తుంది."
ఆయన తలెత్తి నన్ను చూశారు, చీపురుతో సహా.
పెన్ను ఇచ్చారు.
"విషయం" అన్న గడి వేలెడు వెడల్పు.
వాన పట్టదు అందులో. వంతెన పట్టదు.
రెండుసార్లు కట్టిన వంతెన అసలే పట్టదు.
ఆలోచించి రాశాను: *ఆవు గురించి.*

ఆయన చదివించుకున్నారు, నవ్వలేదు.
కింద చిన్న సంతకం పెట్టి
పేజీ తిప్పారు.

418. బూటు, ఎడమకాలిది, ఒకటి.
ఉంది.