ఇందుమూలముగా

నెల్లూరు కలెక్టరాఫీసు గోడవార, రేకుల కింద
స్టాంపులమ్మే సిద్దయ్యకీ జిరాక్సు మిషనుకీ నడుమ
ముప్పై ఒక్కేళ్లుగా నా టైపు మిషను.
సోమవారం పూట ఊళ్లన్నీ నా ముందు నిలబడతాయి.
గట్టు తగాదా,
పాసుపుస్తకంలో తగ్గిపోయిన సెంట్లు,
రొయ్యల గుంట ఉప్పు పక్క మడిలోకి దిగిందని ఒకాయన,
చచ్చిపోయినట్టు రాసేశారు, బతికే ఉండానని ఒక ముసలామె.
అన్నిటికీ ఒకటే మొదలు:
గౌరవనీయులైన కలెక్టరు గారి దివ్యసముఖమునకు.

ఇసకపల్లి నుంచి మస్తానమ్మ వచ్చింది,
తొలి బస్సులో, టిఫిను తినకుండా.
కవర్లోంచి చెల్లెలి పాసుపోర్టు జిరాక్సు తీసింది.
మొహం ఉండాల్సిన చోట మసి.
“మా సుగుణ సార్. ఇంటిపనికి పోయింది.
ఆడ యుద్ధం వొచ్చింది.”

నా మిషనులో ఆ ద్ధ పడదు.
యుద్దం అని పడుతుంది.
ఇన్నేళ్లలో ఎవరికీ ఆ మాట అవసరపడలేదు.
విషయం అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి
ఆగాను.

ఆమె ఫోను నా చెవికి ఆనించింది.

*అక్కా, ఇంటోళ్లు కార్లో ఎల్లిపోయినారు.
మంచాన పడిన ముసలామెని నాకొదిలేసి పోయినారు.
నేలకొట్లో ఉండాం, పంతొమ్మిదిమందిమి.
గీజర్లో మిగిలిన నీళ్లు మూతతో కొలుచుకుంటన్నాం.
నా మాట ఎవురికీ తెలవదు,
పిలకాయలు మాత్రం ‘దా, దా’ అనేది నేర్చుకున్నారు.
నన్నొక్కదాన్నే తీసకపోతామంటే ఎట్ట వొస్తానక్కా,
ఈమెకి గుడ్డలెవరు మారుస్తారు?
అర్జీలో వీళ్ల పేర్లు గూడా రాయించు.*

క్యాలెండరు కాగితం వెనక పెన్సిలు రాత.
విని రాసుకున్న పేర్లు, కొన్ని రెండు రకాలుగా.
ముసలామె పేరు దగ్గర ‘అవ్వ’ అని మాత్రం ఉంది.

చెప్పి చూశాను.
అమ్మా, అర్జీకి తండ్రి పేరు కావాలి, ఊరు, మండలం,
రేషను కార్డు నెంబరు కావాలి.
వీళ్లకి మండలం లేదు. మన దేశమే కాదు.
కలెక్టరు గారు మాత్రం ఏం చేస్తారు?

“చెయ్యలేడని నాకూ తెలుసు సార్.
మొన్న తుపానుకి మా పాలెంలో
ఎవురి పేరు రాసుకున్నారో వాళ్లకే బియ్యం వొచ్చినయ్యి.
మా చిన్నత్త పేరు మర్చిపోయినారు.
నీళ్లలోనే నిలబడుండాది ఆమె, ఎదురుగానే.
పేరు లేకపోతే మనిషి లేనట్టే గదా.”

కొట్టాను.
వరస సంఖ్య ఒకటి, అవ్వ.
మండలం అన్న గడిలో పద్దెనిమిది గీతలు,
ఒక అల్లూరు.
వేలు నొప్పిపెట్టింది, గీత మీటకి బలంగా కొట్టాలి.
యుద్దం కింద పెన్నుతో చిన్న గీత పెట్టి దిద్దాను.

నకళ్లు: ఢిల్లీకి, రాయబారి గారికి, ఎంపీ గారికి.
నాలుగో కార్బను ఎవరికో తోచలేదు.
‘ఎవరికి వీలైతే వారికి’ అని కొట్టాను.
అట్లాంటి విలాసం నా మిషను ఎరగదు.

కౌంటర్లో కుర్రాడు చదివి, ఇది మా శాఖ కాదన్నాడు.
మళ్లీ చదివాడు.
అవ్వ ఎవరన్నాడు.
ముద్ర వేసి చీటీ ఇచ్చాడు, రెండొందల పన్నెండు.
ఆ చీటీని ఫోను కవర్లో మడిచి పెట్టుకుంది.
అరవై రూపాయలు వద్దన్నాను,
స్టేప్లరు కింద పెట్టి పోయింది.

ఒంటిగంటకి వెనక్కి వచ్చింది, పరుగున,
ఫోను ముందుకు చాపుకుని.
నలభై మూడు సెకన్లు.
మాటల్లేవు.
ఏదో బరువైనది నేల మీద ఈడుస్తున్నారు,
ఎవరో దగ్గుతున్నారు,
ఒక పిల్ల గొంతు, దూరంగా, దా, దా.

“దీన్ని గూడా రాస్తారా సార్?”

కాగితం ఎక్కించాను.
రోలరు తిప్పాను.
గౌరవనీయులైన,
అక్కడిదాకా చేతులే కొట్టేశాయి.