చప్పుడు బంద్

జడ్చర్ల ఫ్లైఓవర్ కింద నా దుకాణం.
సీటు కవర్లు, కాలి మ్యాట్లు, అద్దాలకు నల్ల కాగితం,
వెనక అద్దం మీద అతికించే ఆయన సంతకం –
బంగారు రంగు రేడియంల,
చిన్నదానికి అరవై, పెద్దదానికి నూటిరవై.
గల్లా పక్క డ్రాల ఇంకో సరుకు,
అడిగినోళ్లకే తీస్త.

మంగళారం తెల్లారుజామున
రాజాపూర్ దాటినంక డివైడర్ ఎక్కిందంట ఎర్ర కారు.
రెండే తలుపులు, నేలకు జానెడెత్తు,
మా స్పీడ్ బ్రేకర్ల మీద బొడ్డు గీసుకునే కారు.
నేను ఫొటోలనే చూసిన.
క్రేన్ ఖాజా చేతులతోని చూసిండు.

ఏడు గొట్టకముందే కురుమూర్తి వచ్చిండు,
అభిమాన సంఘం టౌను ప్రెసిడెంటు,
లుంగీ మీదనే, నోట్లె ఏపపుల్ల.
"షట్టర్ దించన్నా" అన్నడు.
తనే దించబోయి, సగంల ఆగి,
ఆ సగం షట్టర్ కింద కూసోని ఏడ్చిండు,
మూడుసార్లు ఇంటర్ పోయినా ఏడ్వనోడు.

పది గొట్టేసరికి చౌరస్తా నిండింది.
ఒకడు కంపెనీని తిట్టిండు –
నాలుగు కోట్లు దీస్కోని ఒక్క పానం ఆపలేదా అని.
ఒకడు బర్రె అడ్డమొచ్చిందన్నడు.
బర్రె గాదు, లారీ, ఇండికేటర్ ఏయలేదన్నడు ఇంకొకడు.
గిట్టనోళ్ల పని అని ఒకడు మెల్లగ అన్నడు,
అన్నంక ఎవ్వరి మొకం చూడలేదు.
"ఆయనకు నడపరాదా?
మూడు లారీల మీంచి దుంకిచ్చిండు గదరా బండిని!"
దుంకింది తాళ్లు గట్టిన డొల్ల బండని,
అండ్ల కూసున్నది మక్తల్ దిక్కు పోరడని
తెలిసినోడు గూడ నోరిప్పలేదు.

ఇగ బయలెల్లిండ్రు, ఆ జాగ చూస్తమని.
లెక్క పెట్టుడు దుకాణపోని రోగం:
నలభై బండ్లు, నూటపదకొండు మంది,
తలలకు నల్లగుడ్డలు.
హెల్మెట్లు రెండు,
ఒకటి మోచేతికి,
ఒకటి ట్యాంకు మీద, పూలదండ కింద.

పొద్దుగూకినంక తిరిగొచ్చిండ్రు.
జేబుల్ల అద్దం పలుకులు, కలకండ లెక్క.
కురుమూర్తి ఒక పలుకును రుమాల్ల ముడేసిండు,
పీర్ల కాడి ఊదు ముడేసినట్టు.
"రెండు వందల స్టిక్కర్లు గావాలె, నల్ల అంచుతోని" అన్నడు.
అడ్వాన్సు తీస్కున్న.
తీస్కోనని అబద్ధమెందుకు రాయాలె.

రాత్రి ఛాయకు ఖాజా వచ్చిండు.
చాలసేపు గిలాసనే తిప్పిండు.
"బెలూన్లన్ని ఇచ్చుకున్నయ్ భాయ్.
ముంగట, పక్కకు, మోకాళ్లకాడ –
చేన్ల పత్తి పలిగినట్టు తెల్లగ.
బెల్టు మాత్రం చుట్ట విప్పలేదు.
దాని బొక్కల ఒక క్లిప్పు ఉండె.
వెండి రంగుది.
నీ కాడ దొరుకుతది సూడు, అసొంటిదే."

నా కాడ దొరుకుతది.
బెల్టు పెట్టకున్నా పెట్టినట్టు
కారును నమ్మించే ముక్క. ఎనభై రూపాయలు.
"చప్పుడు బందయ్యేది ఇయ్యన్నా" అని అడుగుతరు,
పేరు గూడ తెల్వదు ఎవ్వనికి.
నాలుగు కోట్ల కారు చేయవలసిందంత చేసింది.
టింగు టింగుమని మొత్తుకుందామంటే
దాని నోట్లె గుడ్డ గుక్కిండ్రు.

తెల్లారి కొత్త కారాయన వచ్చిండు,
బొట్టు గూడ ఆరలే బానెట్టు మీద.
"చప్పుడు బందయ్యేది ఉందా?"
లేదన్న.
డ్రాల ఇరవైమూడున్నయ్.
ఎదురు దుకాణానికి పోయిండు,
రెండు నిమిషాలల్ల నవ్వుకుంట ఎల్లిండు.

నా ఓమ్ని పాతది. దానికి మొత్తుకునుడు రాదు.
ఆ రాత్రి ఇంటికి పోంగ
తలుపు పక్క బెల్టు గుంజిన.
రాలే.
ఇంకోసారి గుంజితే
ఇరవై ఏండ్ల దుమ్ముతోని వచ్చింది.

బట్టలు పిండుకుంట మా ఆమె అడిగింది,
తెల్లంగి మీద, భుజంకెళ్లి నడుము దాక
ఇదేం మరక అని.