కాటా కొక్కెం

తగరపువలస దాటాక గోస్తనీ మలుపులో
గోగునార గిడ్డంగి.
ఇప్పుడు దాని పేరు వేరే. గేటు మీద
రాగి అక్షరాల్లో రాయించారు.
మా నోటికి మాత్రం అది గొడౌనే,
భీమిలి రేవుకి ఓడలొచ్చిన కాలం నాటి గొడౌను.

ఎనిమిది నెలలు పనిచేశాను అందులో.
సున్నం పని. సిమెంటు ముట్టకూడదన్నారు.
గానుగ సున్నం, ఏటి ఇసక, బెల్లం నీళ్ళు,
కరక్కాయ నానిన పులుసు.
మా తాత చేసిన పని, మా నాన్న మర్చిపోయిన పని,
నేను ఫోనులో వీడియో చూసి నేర్చుకున్నాను.
నవ్వకండి. చెయ్యి మాత్రం నాదే.

పెంకులు విప్పిన రోజు
గబ్బిలాలన్నీ ఒక్కసారే లేచి కొండవైపు పోయాయి.
వాటికి నోటీసు ఇచ్చినవాడు లేడు.
గోడ తడిపితే లోపల్నించి
కుళ్ళిన నార వాసన లేచింది.
ఆర్కిటెక్టు ముక్కుకి చున్నీ కట్టుకుంది.
నాకు ఆకలేసింది.
ఆ వాసన గుమ్మంలోకి వచ్చాకే
మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఓనరు గారి మనవరాలు మైత్రేయి గారు
మూడు గోడలు పుయ్యమన్నారు, నాలుగోది వద్దన్నారు.
"ఆ బొగ్గు గీతలు అలాగే ఉండాలి మేస్త్రీ,
అదే మన హైలైటు."

నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
మోపుకొక గీత.
వరస మొదట్లో మనిషికొక గుర్తు:
చేప, గొడుగు, కొడవలి,
చుక్క పెట్టిన సున్నా.
చుక్క పెట్టిన సున్నా మా అమ్మ.
సన్నెమ్మ. అక్షరం రాదు.
"పేరెందుకురా, ఎదర నానే ఉన్నాను గదా" అనేది.

అన్నం తినే టైములో లెక్కపెట్టాను,
వేలు తగలకుండా.
నూట అరవై మూడు.
చివరి మూడూ అడ్డగీత లేకుండా నిలబడిపోయాయి.
ఆ రోజు వానొచ్చిందో, నడుం పట్టేసిందో,
గొడవపడి మోపు విసిరికొట్టి వెళ్ళిపోయిందో.
విసిరికొట్టే ఉండాలని నా కోరిక.
అడగడానికి తను లేదు.

మధ్య దూలానికి ఇనప కొక్కెం.
కాటా దానికే వేలాడేది.
తూకం కామేశం గారు పళ్ళెం కింద
కాలి బొటనవేలు ఆనించేవాడట.
మోపుకి రెండు వీశెలు ఆ వేలే తినేది.
అమ్మ ఆ సంగతి కోపంగా చెప్పేది కాదు:
"ఏటి పనితనం బాబూ! మనిషి కదిలీవోడు కాడు."

కాంట్రాక్టరు డిల్లేశ్వరరావు కొక్కెం కోసేద్దామన్నాడు.
ఆర్కిటెక్టు ఒప్పుకోలేదు.
దానికి షాండ్లియర్ తగిలించారు.

మొదటి పెళ్ళి మాఘంలో.
నన్నూ రమ్మన్నారు, భోజనానికి కాదు,
గోడ ఎక్కడైనా చెమ్మ పడితే చూడ్డానికి.
పసుపు బట్టల్లో జనం. నెత్తిన డ్రోను రొద.
పెళ్ళికూతుర్ని నాలుగో గోడ దగ్గర నిలబెట్టి
"కొంచెం ఎడమకి మేడమ్" అన్నాడు ఫొటోగ్రాఫరు.
ఆమె జడ సరిగ్గా
మా అమ్మ సున్నా మీద పడింది.

ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది.
"ఇవేంటన్నా, ఇక్కడ జైలుండేదా?"
"కాదమ్మా. కూలి లెక్క."
"ఎంతిచ్చేవాళ్ళు?"

ఎనిమిది నెలల్లో ఎవరూ అడగని మాట.
జవాబు నా దగ్గరా లేదు.
"తక్కువ" అన్నాను.
ఆమె ఇంకేం అనలేదు.
గోడకి వీపు ఆనకుండా ఒకడుగు ముందుకి జరిగింది.
ఫ్రేము పాడైందని వాడు విసుక్కున్నాడు.

రాత్రి దీపాలు వేశారు.
షాండ్లియర్ ఎడమకి ఒరిగింది.
లైటింగు కుర్రాడు నిచ్చెనెక్కి సరిచేశాడు.
దిగేలోపు మళ్ళీ ఒరిగింది.
ఇంకోసారి ఎక్కాడు. అదే వరస.

మైత్రేయి గారు నాకేసి చూశారు.
కొక్కెమే వంకరని చెప్పొచ్చు.
ఈ కొక్కేనికి ఏది తగిలించినా
నిక్కంగా తూగింది ఎప్పుడూ లేదని చెప్పొచ్చు.

నేను గోడ మీద అరచెయ్యి ఆన్చి,
కాసేపు ఉంచి,
"చెమ్మ లేదమ్మా" అన్నాను.