నడుమెత్తు

మంత్రి టీవీలో కత్తెర ఆడించాడు,
రెడ్ టేపు ముక్కలు కార్పెట్ మీద రాలాయి.
గ్రేమౌత్‌లో వాన. లాండ్రీ పైగదిలో
మా పార్టీ మొత్తం తొమ్మిదిమందిమి,
కుర్చీలు ఎనిమిది.

డెస్మండ్ ముందే చెప్పాడు: "కొన్ని పోవాల్సినవే.
పాలషెడ్డు వెనక గుంటకి పర్మిషన్
పందొమ్మిది నెలలు పట్టింది నాకు."
ఎవరమూ కాదనలేదు. రాసుకున్నాం.

తర్వాత పద్నాలుగో నిబంధన.
ఎత్తు మీద పనికి రెయిలింగు, మీటరు.
ఇకపై యజమాని ఇష్టం.

వికితోరియా నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి.
"కత్తిరించేవాడు కొలత తీసుకున్నాడా?" అంది.
సంచిలోంచి టేపు తీసి, పసుపుది, అంకెలు అరిగింది,
నేలనుంచి తన నడుందాకా పట్టింది.
తొంభై ఎనిమిది.
"మా ఇహాయా నాకంటే కాస్త పొడుగు."
ఆ పొద్దు కప్పు మీద ఏం లేదో
అందరికీ తెలుసు.
కింద డ్రయ్యరు తిరుగుతూనే ఉంది.

జవాబులో "తీవ్రంగా ఖండిస్తున్నాం" కొట్టేశాం,
"ప్రజాస్వామ్యం" రెండుచోట్లా కొట్టేశాం.
మిగిలింది ఒకటిన్నర పేజీ,
డెస్మండ్ గుంటతో సహా.

కవరు అంటించేముందు
ఆమె ఆ టేపు చుట్టి లోపల పెట్టింది.
బరువెక్కువైంది.
చందా డబ్బాలోంచి
ఇంకో స్టాంపు.