స్టేజీలు

డాక్టరు ఒకే చీటీ మీద రెండు మాటలు రాశాడు.
రోజూ నలభై నిమిషాలు నడవాలి.
పొగమంచున్న పొద్దుట గడప దాటకూడదు.
మరెక్కడ నడవను బాబూ అంటే
నవ్వి, గంట కొట్టి, తర్వాతి మనిషిని పిలిచాడు.

సింగ్‌నగర్‌లో డిసెంబరంటే
మంచు ఒక్కటే రాదు.
ఎక్కడో చెత్తకుప్ప రాజేసిన కంపుని చంకనేసుకుని,
లారీల దుమ్ముని కొంగున ముడేసుకుని వస్తుంది.
మిద్దెమీద ఆరేసిన తెల్లచీర
సాయంత్రానికి బూడిదరంగుకి తిరుగుతుంది.
పక్కింటి ఖాజాబీ ఫోనులో గాలికొచ్చిన మార్కులు చూసి
కిటికీలోంచి కేకేస్తుంది:
"ఇవాళ రెండొందల పది! తలుపేసుకో సలోమక్కా!"
ఎక్కువ మార్కులొస్తే ఫెయిలయ్యే పరీక్ష
నేనిదే చూడటం.

తలుపేసుకున్నాను.
వంటగట్టు నుంచి వీధి తలుపు దాకా పద్నాలుగు అడుగులు.
మధ్యలో మంచం, బియ్యం డబ్బా, కుట్టుమిషను.
మొదటిరోజు మోకాలు మంచంకోడుకి తగిలింది.
రెండోరోజు మిషనుకి.
మూడోరోజు నాకే నవ్వొచ్చింది.
ఇంత సందులో నడవటం నాకు కొత్తా?

ఇరవై ఆరేళ్లు
నూజివీడు బస్సులో ఇదే కదా చేశాను.
వేళ్లమధ్య నిలువునా మడిచిన నోట్లు,
బుట్టలు, మోకాళ్లు, తూగే తలలు,
సీటుకింద కాళ్లు కట్టేసిన నాటుకోడి.
ముందు తలుపు నుంచి వెనక సీటుకి,
వెనక సీటు నుంచి ముందు తలుపుకి.
బయట ఊళ్లు పరిగెత్తేవి, నేను లోపలే నడిచేదాన్ని.
ఆ నడక ఎన్ని మైళ్లో
ఏ వేబిల్లులోనూ రాయలేదు.

అందుకని స్టేజీలు పెట్టుకున్నాను.
బరువు లేక ఎడంభుజం తేలిపోతుంటే
పాత తోలుసంచి తగిలించుకున్నాను,
చుట్టుకో చింతగింజ అందులో.
ఇరవై గింజలకి కండ్రిక.
నలభైకి నున్న, అక్కడ మంచినీళ్లు.
ఆగిరిపల్లి వచ్చేసరికి ఊపిరి పిల్లికూత పెడుతుంది,
గోడకి చెయ్యి ఆనిస్తాను.
సరిగ్గా నా చెయ్యి పడేచోటే
బుడమేరు వదిలిపోయిన గీత.
రెండుసార్లు సున్నం కొట్టినా పైకి తేలింది.
నీళ్లొచ్చిన ఏడు ఇంట్లోంచి బయటికి పరిగెత్తాం.
గాలికేమో బయటనుంచి ఇంట్లోకి.
రేపు దేనికి ఎటు పరిగెత్తాలో.
రైట్... రైట్...
మళ్లీ కదులుతాను.

ఏసురత్నం మాత్రం
ఐదింటికే ఆటో తీశాడు,
నా ఖాకీ చొక్కా చింపిన గుడ్డ మూతికి కట్టుకుని.
"ఇవాళొద్దులే" అన్నాను.
"గాలి బాగాలేదని ఫైనాన్సువాడికి నువ్వు చెప్తావా?"
ఆటో మలుపు తిరగకముందే
మంచులో కలిసిపోయింది.
చప్పుడు మాత్రం కాసేపు మిగిలింది.
లోపలుండటం కూడా ఒక పాసే.
మా ఇంటికి ఒక్కటే ఇచ్చినట్టున్నారు.

నూజివీడు చేరాను.
దిగేవాళ్లెవరూ లేరు.
సంచి దులిపి గింజలు డబ్బాలో పోసి
అన్నం పడేశాను.

మధ్యాహ్నం అతనొచ్చాడు.
ఏం మాట్లాడలేదు, దగ్గాడు.
గుడ్డ విప్పి బకెట్లో వేశాడు.
నీళ్లు నల్లబడ్డాయి.
పారబోసి ఇంకో బకెట్టు పట్టాను.
మళ్లీ నల్లబడ్డాయి.
మూడోది పడుతున్నాను.
బెంజి సర్కిలూ, ఆటోనగరూ, ఏలూరు రోడ్డూ
ఒక్కొక్కటే
దిగుతూనే ఉన్నాయి.